గట్టు మీద కొట్టిన కొబ్బరికాయ

ఎదురు మేడ మీది వాటాకి మళ్ళీ టులెట్ బోర్డు కట్టారు, చూశారా? చూడకేం, మీ వంటింటి కిటికీ అటే ఉందిగా. మొన్న శుక్రవారం సామాన్లు వెళ్ళిపోయాయి. ముందు బీరువా, తర్వాత మంచాలు, ఆఖర్న తులసి కుండీ. ఆ కుండీని అక్కడ అద్దెకున్న అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. అంత పద్ధతైన పిల్ల. అయినా వెళ్తూ వెళ్తూ ఓనరుగారికి ఒక్కమాట చెప్పలేదు. ఆవిడా బాల్కనీలోకి రాలేదు. ఎందుకో తెలుసుకోవాలని మీకూ ఉంది, మొహమాటపడకండి. ఆ ప్లాస్టిక్ కుర్చీ ఇలా గోడ దగ్గరికి లాక్కోండి, చెప్తాను. ఎండ కూడా అటు తిరిగింది.

ఇదంతా కార్తీకంలో మొదలైంది. సోమవారం, ఆ అమ్మాయి ఉపవాసం. కొబ్బరికాయ కొట్టే రాయి కింద, నల్లా దగ్గరుంది. మేడ దిగి మళ్ళీ ఎక్కాలి. పొద్దుట్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ లేదాయె, ఓపిక లేక వంటగట్టు అంచుకేసి కొట్టింది. ఒక దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకి కాయ పగిలింది, గట్టూ పగిలింది. సింకు కోసం గ్రానైటుని కోస్తారే, ఆ కోతకీ గట్టు అంచుకీ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు బద్దీ మిగులుతుంది. గట్టు మొత్తంలో బలం లేని చోటది. సరిగ్గా అక్కడే చీలింది. జానెడు చీలిక, గోరు పెడితే గోరు దిగుతుంది. ఏమైందో చూద్దామని వెళ్ళి నేనూ గోరు పెట్టి చూశాలెండి.

పగిలిన రోజు ఓనరుగారికి చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ పిల్ల భయపడింది. చీలిక మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, దాని మీద అంట్ల బుట్ట పెట్టింది. మాఘం వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. గిన్నె కడిగినప్పుడల్లా నీళ్ళు ఆ చీలికలోంచి కిందికి దిగాయి. కింద ప్లైవుడ్డు అర. అది ఉబ్బింది, తలుపు పట్టేసింది, లోపల బూజు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరుగారు ఆ అర తలుపు లాగితే కీలుతో సహా చేతికొచ్చింది. ఇంకేముంది, గట్టు మొత్తం మార్చాలి, అరలన్నీ మార్చాలి, 2 నెలల అడ్వాన్సులో పైసా ఇవ్వనంది ఆవిడ. కావాలని చేశానా, దేవుడికి కొట్టిన కాయ, అడ్వాన్సు మొత్తం ఎలా పట్టుకుంటారంది ఈ పిల్ల. ఆవిడొచ్చి నా దగ్గర కూర్చుంది. ఆవిడ వెళ్ళిన గంటకి ఈ పిల్లొచ్చింది. ఇద్దరికీ కాఫీ ఇచ్చాను, ఇద్దరికీ చట్టం ఏమంటుందో చెప్పాను.

నాకిది ఎలా తెలుసంటారా? మా పెద్దన్నయ్య ఏళ్ళ తరబడి బెజవాడలో ప్లీడరు గుమాస్తా. అద్దె తగాదాలు ఆయనకి కంఠతా. సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు తింటూ కూడా అవే కబుర్లు. మా వదిన లేచి వెళ్ళిపోయేది, నేను మాత్రం వింటూ కూర్చునేదాన్ని.

ఆస్తి బదిలీ చట్టమని ఒకటుంది, 1882 నాటిది. ఇంకా నడుస్తోంది. దాన్లో 108వ సెక్షను అద్దెకిచ్చినవాళ్ళకీ, అద్దెకున్నవాళ్ళకీ ఎవరి బాధ్యత ఏమిటో చెబుతుంది. ఇల్లు ఎలా చేతికొచ్చిందో అలాగే తిరిగి అప్పజెప్పాలి. మామూలు వాడకంలో అరిగిపోయేదీ, మనిషి ఆపలేని ఉపద్రవంలో పోయేదీ మినహాయింపు. ఆ రెండూ కాక అద్దెకున్నవాళ్ళ వల్లో, వాళ్ళ పనివాళ్ళ వల్లో ఏదైనా పాడైతే, ఓనరు నోటీసిచ్చిన 3 నెలల్లోగా బాగుచేయించాలి. కావాలని చేశారా, పొరపాటున జరిగిందా అని అందులో ఎక్కడా అడగలేదు. మీ చేతుల మీదుగా జరిగిందా, మీ లెక్కే. పనిమనిషి చేతిలో చీపురు తగిలి కిటికీ అద్దం పోయినా మీ లెక్కే. అందుకే ఆ పిల్లతో మెత్తగానే చెప్పాను. దేవుడికి కొట్టినా, పచ్చడికి కొట్టినా గట్టు పగలడం పగలడమేనమ్మా, అది నువ్వు బాగుచేయించాల్సిందే.

ఓనరుగారితో కూడా అంతే మెత్తగా ఇంకోటి చెప్పాను. పోయిందెంతో అంతే పట్టుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం లెక్కా అదే, జరిగిన నష్టానికే పరిహారం. పాతది పోతే కొత్తది చేయించుకునే అవకాశం కాదు అడ్వాన్సంటే. ఆ మేడ గృహప్రవేశానికి మనిద్దరం కలిసే వెళ్ళాం, గుర్తుందా? పులిహోరలో ఉప్పెక్కువైంది, మీరు బయటికొచ్చాక గానీ అనలేదు. అప్పుడు మీ చిన్నాడు ఎల్‌కేజీ. ఇప్పుడు వాడు ఇంజనీరింగు. ఆ అరలకీ అంతే వయసుంది. గ్రానైటుకి ముసలితనం రాదు గానీ ప్లైవుడ్డుకి వస్తుంది. ఇన్నేళ్ళు వాడిన అరకి కొత్త అర ఖరీదు అడిగితే ఎలా? పైగా చీలికకి సంబంధం లేని అరలు కూడా ఈ లెక్కలో ఎందుకు?

చివరికి నేనే మన గ్రానైటు మేస్త్రీని పిలిపించాను. అతను వంగి చూసి, టార్చి వేసి చూసి, మొత్తం అక్కర్లేదమ్మా, సింకు దగ్గర ముక్క కోసి వేరే ముక్క అతికిస్తే చాలన్నాడు. రంగు కొంచెం తేడా వస్తుందన్నాడు. రానీ. ఆ ముక్కకీ, పాడైన ఒక్క అరకీ అంచనా కాగితం మీద రాసిచ్చాడు. ఆదివారం ఇద్దరూ కూర్చుంటామన్నారు. ఆ కాగితం నా బియ్యం డబ్బా మీదే ఉంది. ఇంకా తెగలేదు, తెగుతుందనే నా నమ్మకం.

అరగడం వేరు, పగలడం వేరు. జనానికి అక్కడే తికమక. వెంకటేశ్వరస్వామి క్యాలెండరుకి కొట్టిన మేకు, స్విచ్చిబోర్డు చుట్టూ పడే వేళ్ళ మరకలు, పొయ్యి వెనక గోడకి పట్టే నూనె జిడ్డు, మంచం కోళ్ళ కింద గచ్చు మీద పడే మచ్చ. మనుషులున్న ఇంట్లో ఇవి లేకుండా ఎలా ఉంటాయి? వీటికి డబ్బు పట్టుకోవడం న్యాయం కాదు. ఏసీ కోసం గోడకి పిడికెడంత కన్నం కొట్టి, ఏసీ పట్టుకుపోయి, కన్నం వదిలేస్తే మాత్రం అది అరుగుదల కాదు. మీరు బిగించుకున్న వస్తువు మీరు తీసుకెళ్ళొచ్చని అదే 108వ సెక్షను అంటుంది, గోడని మాత్రం మునుపటిలా చేసి వెళ్ళాలి. పూజ గూట్లో దీపం సెగకి చెక్క మాడినా అంతే, బాగుచేయించాల్సింది దీపం పెట్టినవాళ్ళే.

రంగుల సంగతి వేరే కథ. హైదరాబాదులో చాలాచోట్ల ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగుల కింద పట్టుకుంటారు. మా మేనల్లుడు కూకట్‌పల్లిలో ఇల్లు మారినప్పుడల్లా ఇదే గోల. గోడలు తెల్లగా ఉన్నాయత్తా, అయినా పట్టుకున్నారంటాడు. కాగితంలో రాసుకున్నావుట్రా అంటే మాట్లాడడు. 108వ సెక్షను మొదట్లోనే ఓ మాట ఉంది. ఇద్దరూ వేరేలా ఒప్పుకోకపోతే, ఊరి ఆచారం వేరేలా లేకపోతేనే ఈ నియమాలు అని. కాబట్టి సంతకం పెట్టేముందే ఆ రంగుల ముక్క చదువుకోవాలి. బేరమాడే రోజు అదే. వచ్చేటప్పటి రోజు కాదు, వెళ్ళేటప్పటి రోజు గుర్తుపెట్టుకుని బేరమాడాలి.

అన్నట్టు మీకు ఆ కుళాయి సంగతి చెప్పానా? మన వెనక వీధి అపార్టుమెంటులో. నీళ్ళు రావట్లేదని వాష్‌బేసిన్ కుళాయి తిప్పారు, రాలేదు, అలాగే వదిలేసి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళారు. బేసిన్‌లో చేతిరుమాలు ఒకటి పడి ఉందిట, కంతకి అడ్డంగా. రాత్రి ట్యాంకు నిండింది. కుళాయి తెల్లవార్లూ ఆ ఖాళీ ఇంట్లో పారింది. కింద ఇంటివాళ్ళ ఫాల్ సీలింగు పెద్దాయన పడుకున్న గదిలోనే ఊడి పడింది. ఆయన బాత్రూంకి లేచి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే తలచుకోవడానికే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అద్దెకున్నవాళ్ళు తమ ఇంటి చెక్క తలుపులకే కాదు, కింద వాళ్ళ సీలింగుకి కూడా ఇచ్చుకోవాల్సొచ్చింది. మంచివాళ్ళు, అదే రోజు రాజమండ్రి నుంచి ఫోన్‌లోనే ఒప్పుకున్నారు. కింద వాళ్ళూ మంచివాళ్ళు కాబట్టి రెండు దఫాలుగా పుచ్చుకున్నారు. ఇప్పటికీ పండక్కి పళ్ళేలు మార్చుకుంటారు.

అదే కుళాయి కాకుండా గోడలోపలి గొట్టం తుప్పుపట్టి పగిలి ఉంటే ఓనరు లెక్క. అద్దెకున్నవాళ్ళు గోడలోకి తొంగిచూడలేరుగా. కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఏ రాష్ట్రం చట్టం చేసుకుంటే అక్కడే అది చెల్లుతుంది, కానీ దాన్లో ఒక పట్టీ చాలా బాగుంది. గోడలకి సున్నాలు, తలుపులకి రంగులు, నీటి గొట్టాలు, లోపలి వైరింగు, ఇంటి కట్టుబడి మరమ్మతులు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చిలు, గీజరు, తలుపు గడియలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెకున్నవాళ్ళవి. ఇళ్ళ అడ్వాన్సు 2 నెలల అద్దె మించకూడదని కూడా అందులో ఉంది. బెంగుళూరులో 10 నెలల అడ్వాన్సు కట్టిన మీ పెద్దాడికి ఇది చెప్పకండి, బాధపడతాడు. ఆ పట్టీని మాత్రం ఒప్పంద కాగితం వెనక రాసుకోమనండి, ఎవరూ కాదనరు. ఇంకోటి, ఓనరు చేయించాల్సిన మరమ్మతు నోటీసిచ్చినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. ఆ మాట నా 1882 చట్టంలోనే ఉంది.

ఉపద్రవమంటే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్ ఎలా ఉందో మనం చూశాం. రాజరాజేశ్వరీపేటలో మా కూరగాయలావిడ అద్దె ఇల్లు కిటికీల దాకా నీళ్ళు. నీళ్ళు తీశాక గోడల నిండా బురద గీత, తలుపులు ఉబ్బిపోయి మూతపడవు. ఓనరు ఆ తలుపులకి డబ్బడిగితే నాకు కోపమొచ్చింది, నేనే వెళ్ళాను. వరదకి ఆవిడేం చేస్తుందండీ, ఆవిడ ఫ్రిజ్జే పోయింది కదా అన్నాను. నిప్పు, తుపాను, వరద, ఇలాంటి వాటివల్ల ఇల్లు ఉండటానికి బొత్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దె ఒప్పందమే వద్దనుకునే వీలు అద్దెకున్నవాళ్ళకి ఉంది. ఆ నిప్పు తమ తప్పువల్ల అంటుకుంటే మాత్రం ఆ వీలు లేదు. ఆ ఓనరు చివరికి తలుపుల మాట ఎత్తలేదు. ముసలాయన, ఆయనా నష్టపోయాడు పాపం.

ఇవన్నీ విని మా ఆడపడుచు కూతురు డాలస్ నుంచి నవ్వుతుంది. ఇన్సూరెన్స్ లేదా అత్తా అని. అక్కడ చాలా అపార్టుమెంట్లలో అద్దెదారు ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తేగానీ తాళాలివ్వరట. దీనికో ఏడాది పూరీల నూనె అంటుకుంది. పొయ్యి మీద మైక్రోవేవు, దాని పక్క అరలు మాడిపోయాయి. ఒంటి మీద నిప్పు పడలేదు, వెయ్యి దండాలు. నిప్పు, పొగ వల్ల ఇంటికి జరిగిన నష్టం కాబట్టి ఆ పాలసీలోంచే కట్టారు. అది లేకపోతే ఆ బిల్లు దాని పేరునే వచ్చేది. అక్కడ పాలసీ ఉన్నా అన్నిటికీ ఇవ్వరుట. వేడి మూకుడు గట్టు మీద పెట్టి మచ్చ పడితే అది అడ్వాన్సులోంచే పోతుంది. ఖాళీ చేశాక 30 రోజుల్లో అడ్వాన్సు తిరిగివ్వాలని, ఏం పట్టుకున్నారో పద్దు రాసివ్వాలని, మామూలు అరుగుదలకి పట్టుకోకూడదని టెక్సస్ చట్టం. కొత్త చిరునామా మాత్రం రాసిచ్చి రావాలట. ఆ పద్దు ముక్క మన దగ్గరా ఉంటే ఎంత బాగుండును. ఏం పోయింది, ఎంత పోయింది అని ఒక్క కాగితం రాసిస్తే సగం తగాదాలు గుమ్మం దాటవు.

మన దగ్గర ఇన్సూరెన్స్ లేకపోలేదు. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఒకే తీరుగా అమ్మాల్సిన పాలసీ ఉంది. అద్దెకున్నవాళ్ళు ఇంట్లో సామాన్లకి మాత్రమే కూడా తీసుకోవచ్చు. నిప్పు, వరద, గొట్టాలు పగిలి నీళ్ళు పొంగడం అన్నీ అందులో వస్తాయి. అయితే అది మీ బీరువాకీ, మీ ఫ్రిజ్జుకీ. ఓనరు గోడకి కాదు. ఓనరు తన ఇంటికి తీసుకుని ఉంటే కంపెనీ ఆయనకి కడుతుంది, కట్టి తర్వాత తప్పు ఎవరిదో వాళ్ళ దగ్గర రాబట్టుకునే హక్కు దానికుంటుంది. కాబట్టి ఓనరుకి పాలసీ ఉందిలే అని మనం నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇంట్లో చేరేటప్పుడే అడగండి, మీ ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా అని. తప్పేముంది? మీరు అన్నీ అడుగుతారుగా, ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరుండేవారు, పిల్లలెందరు, ఎందుకు ఖాళీ చేశారు అని. ఇదీ అడగండి.

అద్దె కాగితం 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాది దాటితేనే రిజిస్ట్రేషను తప్పనిసరి అని 1908 నాటి చట్టం మూలపాఠం. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11, మన రాష్ట్రం చేసుకున్న సవరణలో మాత్రం ఆ ఏడాది మినహాయింపు లేదు. కాగితం ఎన్ని నెలలకైనా సరే, చేరిన రోజునే ఫోన్‌తో ప్రతి గదీ ఫోటో తీయాలి. గట్టు, సింకు కింద, బాత్రూం మూలలు, తలుపుల వెనక, గీజరు, మీటరు అంకె. తీసి, ఆ రోజే ఓనరుకి వాట్సాప్‌లో పంపాలి. పంపితేనే తేదీతో సహా ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఎదురు మేడ మీద ఆ పని చేసుకుని ఉంటే, మిగతా అరలు ముందునుంచే ఉబ్బి ఉన్నాయని ఆ పిల్ల అంటోందే, అదీ ఈ పాటికి తేలిపోయేది. ఎంతకీ తెగకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ ఉంటుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేస్తారు, రుసుము లేదు. ఒక అర తలుపు కోసం అంతదూరం వెళ్ళకుండానే ఆదివారం తేలాలని నా కోరిక. ఆ పిల్ల నాకు రోజూ గడప దగ్గర్నుంచి చెయ్యి ఊపేది. ఓనరావిడ మోకాళ్ళ నొప్పులతో ఆ మేడ ఒక్కర్తీ చూసుకుంటుంది. ఇద్దరిలో ఎవరు బాధపడ్డా నాకు బాగుండదు.

వెళ్ళకండప్పుడే, అసలైనది ఇప్పుడు చెప్తున్నా. గ్యాసు. మీరు మధ్యలో మచిలీపట్నం వెళ్ళి, మొన్న తిరిగొచ్చేటప్పుడు సిలిండరు అలాగే తెచ్చేసుకున్నారు కదూ? కనెక్షను చిరునామా మార్పించారా? ఆయిల్ కంపెనీలే మన తరఫున ఒక పాలసీ తీసుకుంటాయి, మనం పైసా కట్టక్కర్లేదు. గ్యాసు ప్రమాదంలో ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదానికి 2 లక్షల దాకా. కానీ ఆ ఆస్తి నష్టం, కనెక్షను రిజిస్టరైన ఇంట్లో జరిగితేనే. మీ పుస్తకంలో ఇంకా మచిలీపట్నం చిరునామా ఉంటే, ఇక్కడ ఓనరుగారి గోడ పోయినప్పుడు ఆ 2 లక్షలు ఎవరిస్తారు? అద్దెకుండేవాళ్ళలో సగంమంది ఇల్లు మారతారు, పుస్తకం మార్చరు. సోమవారం ఏజెన్సీకి వెళ్ళి ఆ పని చేసుకురండి, కొత్త అద్దె కాగితం పట్టుకెళ్ళండి, ఇంకేం కావాలో వాళ్ళే చెబుతారు. మా ఆయన కూడా అటే వెళ్తారు, స్కూటరు మీద దింపుతారు.

ఆ నారింజ రంగు గ్యాసు ట్యూబు 5 ఏళ్ళకోసారి మార్చాలి. దాని మీదే ఏడాది అచ్చువేసి ఉంటుంది. మీది ఏ ఏడాదిదో లోపలికెళ్ళి చూసి రండి, నేనిక్కడే ఉంటాను. ఆ, వచ్చేటప్పుడు ఆ మామిడికాయ పచ్చడి గిన్నె కూడా తెండి, పోయిన నెల ఇచ్చింది నాదే.